గోడ దూకినవాళ్ల సాక్ష్యంతో రాహుల్‌కు శిక్షా?

కాంగ్రెస్ నుంచి ఎవరు బయటికి నడిచినా టీవీ చర్చల్లో ముద్దాయి మారడు. సింధియా వెళ్లినా, ఆజాద్ వెళ్లినా, అశోక్ చవాన్ వెళ్లినా తప్పు రాహుల్ గాంధీదే, ఆయన ఎవరికీ అందుబాటులో ఉండరనే మాటే. సాక్షులెవరంటే, వెళ్లిపోయినవాళ్లే. తీర్పు చెప్పేముందు ఆ సాక్షులు పార్టీ వీడిన తేదీలను, ఆ తర్వాత అందుకున్న పదవులను పక్కపక్కన పెట్టి చూడాలి కదా.

చవాన్ 2024 ఫిబ్రవరి 12న రాజీనామా చేశారు, 13న బీజేపీ కండువా కప్పుకున్నారు, 14న రాజ్యసభ అభ్యర్థి అయ్యారు. సింధియా 2020 మార్చి 11న బీజేపీలో చేరారు, అదే రోజు రాజ్యసభ టికెట్ ఖరారైంది, మరుసటి ఏడాది జులైలో కేంద్ర మంత్రి పదవి వచ్చింది. జితిన్ ప్రసాద 2021 జూన్‌లో మారితే సెప్టెంబరుకల్లా యూపీ మంత్రి. అధికార పార్టీ నీడకు చేరకుండా సొంత జెండా ఎత్తినవాళ్ల సంగతి వేరు. అమరీందర్ సింగ్ 2022లో సొంత కోట పటియాలాలోనే ఓడిపోయారు. ఆజాద్ పెట్టిన పార్టీకి 2024 జమ్మూకశ్మీర్ ఎన్నికల్లో ఒక్క సీటూ రాలేదు. నాయకత్వం మీద నిజంగా అంత అసంతృప్తే ఉంటే, వీళ్ల వెంట కార్యకర్తలూ ఓటర్లూ ఎందుకు కదల్లేదు?

విమర్శకుల వాదనలో పస లేదని అనను. 2025 బిహార్‌లో 61 చోట్ల పోటీ చేసి 6 గెలవడం ఘోర వైఫల్యమే. అంతకుముందు హరియాణా చేజారింది. బూత్ స్థాయిలో యంత్రాంగం లేదు, నేతకు గోడు చెప్పుకోవడం కష్టం అన్న ఫిర్యాదులు పార్టీలోని విధేయుల నుంచే వినిపిస్తాయి. వాటికి జవాబు చెప్పాల్సిన బాధ్యత ఆయనదే. కానీ ఫిరాయింపులకు అదే కారణమంటే ఒప్పుకోను.

పత్రికల తూకం కూడా చూడండి. 2019 ఓటమి తర్వాత బాధ్యత తీసుకుని అధ్యక్ష పదవి వదిలితే ‘పారిపోయాడు’ అన్నారు. గాంధీ కుటుంబం పక్కకు తప్పుకోవాలని ఏళ్ల తరబడి సంపాదకీయాలు రాశారు. 2022 అక్టోబరులో బ్యాలెట్ పెట్టి ఖర్గేకు 7,897, శశి థరూర్‌కు 1,072 ఓట్లతో అధ్యక్ష ఎన్నిక ముగిస్తే, అది బొమ్మల కొలువని తేల్చేశారు. కన్యాకుమారి నుంచి కశ్మీర్ దాకా దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు నడిస్తే టీషర్టు ధర మీద చర్చ పెట్టారు. లోక్‌సభలో 44 సీట్ల నుంచి 52కు, అక్కడి నుంచి 99కి చేరిన పార్టీ గురించి రాసేటప్పుడు ఆ చివరి అంకె మీద కలం ఆగదు.

అసలు ఫిరాయింపు ఎలా జరుగుతుందో తెలిసినవాళ్లు వ్యక్తిత్వ విశ్లేషణల జోలికి పోరు, లెక్క చూస్తారు. 1985లో 52వ సవరణతో వచ్చిన పదో షెడ్యూల్ ప్రకారం పార్టీని స్వచ్ఛందంగా వదిలినా, విప్ (సభలో ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) ధిక్కరించినా సభ్యత్వం పోతుంది. మొదట్లో మూడింట ఒక వంతు చీలితే రక్షణ ఉండేది. 2003లో 91వ సవరణ దాన్ని ఎత్తేసింది. మూడింట రెండు వంతుల మంది కలిస్తే ‘విలీనం’ అనే నాలుగో పేరా మాత్రం మిగిలింది. అప్పటి నుంచి టోకు వ్యాపారమంతా ఆ కిటికీ గుండానే.

తెలంగాణలో 2018 డిసెంబరులో కాంగ్రెస్ 19 గెలిచింది. 19లో మూడింట రెండు వంతులంటే 13. ఉత్తమ్‌కుమార్ రెడ్డి ఎంపీగా గెలిచి ఎమ్మెల్యే పదవి వదలగానే బలం 18కి, అవసరమైన సంఖ్య 12కి దిగింది. 2019 జూన్ 6న టీఆర్ఎస్‌లో విలీనమైనవాళ్లు సరిగ్గా 12 మంది! అదే నెల రాజ్యసభలో ఆరుగురు టీడీపీ సభ్యుల్లో నలుగురు బీజేపీలో విలీనమయ్యారు. అదీ సరిగ్గా మూడింట రెండు వంతులే. మనసు విరిగి వెళ్లేవాళ్లు చట్టం అడిగిన సంఖ్య పూరించుకుని మరీ ఒకే రోజు వెళ్లరు.

ఆ సంఖ్య దొరకనిచోట రాజీనామాల దారి ఉంది. మధ్యప్రదేశ్ చూడండి. 228 మంది ఉన్న సభలో కాంగ్రెస్ 114, మద్దతుదారులు ఏడుగురు, మొత్తం 121. 2020 మార్చిలో సింధియా బయటికి వచ్చినప్పుడు 22 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల రాజీనామాలతో సభ 206కి తగ్గింది, మెజారిటీ గీత 115 నుంచి 104కి జారింది. కాంగ్రెస్ పక్షం 99 దగ్గర ఆగిపోతే, ఒక్క సీటూ కొత్తగా గెలవని బీజేపీ తన 107తో గద్దెనెక్కింది. ఇందులో ఢిల్లీలో ఎవరు ఎవరికి అపాయింట్‌మెంట్ ఇవ్వలేదన్న ప్రశ్నకు చోటెక్కడిది?

కార్యకర్తను పేరు పెట్టి పిలిచే శరద్ పవార్ పార్టీ 2023లో చీలింది. అంతకు ఏడాది ముందు ఉద్ధవ్ ఠాక్రే, ముఖ్యమంత్రి కుర్చీలో ఉండగానే పార్టీని పోగొట్టుకున్నారు. అందరికీ అందుబాటులో ఉండే నేత, అధికారంలో ఉన్న నేత, అధికారం లేని నేత, అందరికీ ఒకే దెబ్బ తగిలితే లోపం ఒక మనిషి స్వభావంలో ఎలా ఉంటుంది?

మూడో దారి అన్నిటికంటే చవక. రాజీనామా లేదు, విలీనం లేదు, కండువా మార్చి అదే కుర్చీలో కూర్చోవడమే. అనర్హత పిటిషన్ స్పీకర్ దగ్గర ఉంటుంది, స్పీకర్‌కు గడువు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 67 మంది గెలిచిన వైసీపీ నుంచి 23 మంది టీడీపీ వైపు వెళ్లారు. విలీనానికి 45 మంది కావాలి. అయినా వేటు పడలేదు సరికదా, నలుగురు 2017లో మంత్రులయ్యారు. దీని పక్కన ఇంకో సంగతి పెట్టండి. 2023 మార్చి 23న ఒక ప్రసంగంపై పరువునష్టం కేసులో సూరత్ కోర్టు రాహుల్‌కు రెండేళ్ల శిక్ష వేసింది. 24న రాహుల్ లోక్‌సభ సభ్యత్వం పోయింది. దోషిగా తేల్చిన ఆ తీర్పు మీద ఆగస్టు 4న సుప్రీంకోర్టు స్టే ఇచ్చాకే తిరిగి వచ్చింది. ఒక ప్రసంగానికి ఒక్క రోజులో పదవి పోయే దేశంలో, ఓటరు ఇచ్చిన గుర్తును అమ్ముకున్నవాడికి అయిదేళ్లూ జీతం, కారు, గన్‌మెన్ నడుస్తున్నాయి.

అందుకే తెలంగాణ నాకు మింగుడు పడదు. ఫిరాయిస్తే దానంతటదే అనర్హత వచ్చేలా పదో షెడ్యూల్ సవరిస్తామని కాంగ్రెస్ 2024 మేనిఫెస్టోలో రాసింది. ఆ రాత రాసిన పార్టీయే, 39 మంది గెలిచిన బీఆర్ఎస్ నుంచి పది మందికి తలుపు తీసింది. అందులో దానం నాగేందర్ బీఆర్ఎస్ ఎమ్మెల్యేగా ఉంటూనే కాంగ్రెస్ గుర్తుపై సికింద్రాబాద్ లోక్‌సభకు పోటీ చేశారు. చివరికి 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు మూడు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. రాహుల్‌ను వెనకేసుకొచ్చేవాళ్లే ఈ విషయం గట్టిగా అడగాలి. ఎందుకంటే ఆయన మీద ప్రయోగించిన ఆయుధాన్నే ఆయన పార్టీ ఇక్కడ చేతపట్టింది.

మేనిఫెస్టో మాటకు అధికారం వచ్చేదాకా ఆగక్కర్లేదు. రాజ్యాంగ సవరణ నెగ్గడానికి మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. ప్రైవేటు సభ్యుడి (మంత్రి కాని ఎంపీ) బిల్లుగా కదలిక మొదలుపెట్టడానికి మాత్రం ఒక్క ఎంపీ ఇచ్చే ముందస్తు నోటీసు చాలు. నాలుగో పేరా రద్దు, పిటిషన్‌పై తొంభై రోజుల్లో తీర్పు, మళ్లీ గెలిచేదాకా ఏ పదవీ లేకపోవడం, ఈ మూడూ రెండు పేజీలకు మించవు. ప్రతిపక్ష నేత రాహుల్ సంతకంతో ఆ బిల్లు, ప్రైవేటు బిల్లులకు కేటాయించే ఒక శుక్రవారం సభలోకి రావాలి.