బిడ్డ ఎవరిదో తేలాలి

‘సంతానం ఇచ్చేవాడు అల్లాహ్, డాక్టర్ల చుట్టూ తిరగడం ఆయన నిర్ణయాన్ని కాదనడమే.’ పిల్లలు లేని ముస్లిం దంపతులకు బంధువర్గం నుంచి తరచూ ఎదురయ్యే మాట ఇది. తాను కోరినవారిని దైవం సంతానహీనులుగా ఉంచుతాడని ఖురాన్‌లో ఉన్నది నిజమే. ముదిమి మీదపడినా బిడ్డ కోసం జకరియా ప్రవక్త చేసిన ప్రార్థన ఫలించిందన్నదీ అదే గ్రంథం. మందు లేకుండా ఏ రోగమూ దిగిరాలేదన్న హదీసూ (ముహమ్మద్ ప్రవక్త ప్రవచనం) ఉంది. చికిత్సకు మతం అడ్డనేవారు వీటిని ఎందుకు దాటవేస్తారో!

ప్రపంచపు తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీ బ్రౌన్ పుట్టిన రెండేళ్లలోపే, 1980 మార్చిలో, ఈజిప్టు ముఫ్తీ (మతపరమైన తీర్పులు చెప్పే పండితుడు) షేక్ జాద్ అల్‌హఖ్ ఈ విషయాన్ని తేల్చారు. భర్త శుక్రకణం, భార్య అండం కలిసి ఏర్పడిన పిండాన్ని ఆమె గర్భంలోనే ఉంచితే దోషం లేదన్నారు. మూడో వ్యక్తి బీజం మాత్రం కూడదన్నారు. 1986లో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ (ధర్మశాస్త్ర) అకాడమీ ఏడు పద్ధతులను పరిశీలించి, దాతలతో, అద్దె గర్భంతో ముడిపడిన ఐదింటిని నిషేధించింది. దంపతులకే పరిమితమైన రెండింటిని అనుమతించింది. సున్నీ పండితులలో అత్యధికుల వైఖరి నేటికీ ఇదే. షియాలలో మరో పాయ ఉంది. ఇరాన్ అప్పటి సర్వోన్నత నేత అలీ ఖమేనీ 1999లో షరతులతో దాతల బీజాలకు సమ్మతించగా, 2003లో అక్కడి పార్లమెంటు ఒక జంట పిండాన్ని మరో జంటకు ఇవ్వడాన్ని చట్టబద్ధం చేసింది.

సున్నీ పండితులు గీసిన గీత వెనుక ఉన్న ఆందోళన ఒక్కటే: బిడ్డ వంశం కలగాపులగం కారాదు. దీన్ని ఛాందసమని కొట్టిపారేయలేం. అద్దె గర్భం ద్వారా పుట్టిన మీ బిడ్డే అని చేతికిచ్చిన శిశువుకు తమతో రక్తసంబంధమే లేదని డీఎన్ఏ పరీక్షలో తెలిసి దంపతులు హతాశులైన ఉదంతం 2025లో సికింద్రాబాద్‌లోనే బయటపడింది. ఎవరి అండం, ఎవరి శుక్రకణం వాడారన్నది ఏ మతంవారికైనా తెలిసితీరాలి.

సంతాన సాఫల్య కేంద్రాలు ఇక్కడ మరింత బాధ్యత చూపాలి. ద్రవ నత్రజనిలో భద్రపరిచిన పిండాల సంగతే చూడండి. భర్త మరణిస్తే వివాహబంధం ముగిసినట్లేననీ, ఆ తర్వాత వాటిని వాడరాదనీ సున్నీ పండితుల్లో అధికులు చెబుతారు. సంతాన సాఫల్య చికిత్సలపై 2021 నాటి మన చట్టం ఒంటరి మహిళకూ చికిత్స పొందే వీలు కల్పించింది. మతం వద్దన్నదాన్ని చట్టం అనుమతించే ఇటువంటి చోట నిర్ణయం ఆ మహిళదే. కానీ దానికి కావలసిన సమాచారం పిండాలు దాచే రోజునే, ఆమెకు అర్థమయ్యే తెలుగులోనో ఉర్దూలోనో అందాలి. సంతకం కోసం ముందుకు తోసే ఇంగ్లిషు కాగితాల కట్టతో ఆ పని జరగదు.

మతపెద్దలకూ ఒక మాట. దాత శుక్రకణం కూడదన్నవారికి 1990ల ఆరంభంలో వచ్చిన ఇక్సీ పెద్ద ఊరట. భర్త శుక్రకణాన్ని ఒక్కదాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ఈ పద్ధతిలో, కణాలు బాగా తక్కువగా ఉన్న పురుషుడు కూడా తన బిడ్డకే తండ్రి కాగలడు. అయితే లోపం భర్తలో ఉందని తెలియాలంటే ముందు అతను వీర్యపరీక్షకు రావాలి. కోతలూ సూదులూ లేని ఈ పరీక్షకు మగవాళ్లు మొహం చాటేస్తుంటే, గొడ్రాలన్న నింద మోస్తూ ఏళ్ల తరబడి మందులు మింగుతున్నది భార్యలు. శుక్రవారం ప్రసంగంలో ఇమాములు ఈ పరీక్ష గురించి ఎందుకు చెప్పకూడదు?