ఫ్యాక్టరీలు మన దగ్గర నేర్చుకోవాలి

కాలుష్యం అనగానే అందరూ పొగగొట్టం బొమ్మ వేస్తారు. ఇది మన ఇళ్లకు జరుగుతున్న అన్యాయం. పర్మిషన్లు, తనిఖీలు, జరిమానాలు, కోర్టు కేసులు అంటూ నానా తిప్పలు పడి ఫ్యాక్టరీ చేసే పనిని, ఒక మామూలు కుటుంబం నాలుగు గోడల మధ్య ఏ టెన్షనూ లేకుండా చేసేస్తోంది. చేశామన్న గర్వం కూడా లేదు. నిష్కామకర్మ అంటే ఇదీ.

జపాన్‌లో చిస్సో కంపెనీ సంగతే చూడండి. 1932 నుంచి 1968 దాకా మినమాటా దగ్గర సముద్రంలోకి పాదరసం కలిసిన వ్యర్థాలు వదిలింది. అది చేపల్లోకి, అక్కణ్ణుంచి పిల్లుల్లోకి, మనుషుల్లోకి చేరింది. పిల్లులు పిచ్చెత్తినట్టు గంతులేసి చచ్చిపోయాయి. 1956లో జబ్బు అధికారికంగా బయటపడింది. చివరికి 2013లో పాదరసం మీద కుదిరిన అంతర్జాతీయ ఒప్పందానికి ఆ ఊరి పేరే పెట్టారు. ఎందుకింత అప్రతిష్ఠ? అంతా ఒక్కచోటే వదిలారు కాబట్టి. అదే సరుకును కోటి ఇళ్లకు పంచి, తలా కాస్త పారేయమని ఉంటే దొంగను పట్టుకునేవాడెవడు? తిలాపాపం తలా పిడికెడు అని పెద్దలు ఊరికే అన్నారా?

ట్యూబ్‌లైటు పారేయడంలో మనవాళ్ల పనితనం దగ్గరుండి చూడాల్సిందే. మాడిపోయిన పాత ట్యూబు చెత్తడబ్బాలో పట్టదు. సగం బయటికి పొడుచుకొస్తుంది, మూత పడదు. మూత పడకపోతే శుభ్రత తెలిసిన ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. అందుకని డబ్బా అంచుకేసి ఒక్కటిస్తారు. ఠప్‌మని పేలుతుంది. తెల్లటి పొడి రాలుతుంది. లోపలున్న పాదరసం కొన్ని మిల్లీగ్రాములే, కానీ దాని ఆవిరి ముందుగా కొట్టినవాళ్ల ముక్కునే పలకరిస్తుంది. తర్వాత చీపురు పట్టుకుని ఆ పొడిని గదంతా సమానంగా సర్దుతారు. జ్వరం చూసే పాత గాజు థర్మామీటరు పగిలితే ఇంకా వైభవం. అందులో అర గ్రాము నుంచి గ్రామున్నర దాకా ఉంటుంది. ఆ మెరిసే గోళీలతో పిల్లలకు సెలవులు ఇట్టే గడిచిపోతాయి.

ఇక సింకు. దాని గొప్పతనమేమిటంటే ఎంత పోసినా ఎదురు ప్రశ్న వేయదు. మిగిలిన థిన్నర్, బొద్దింకల మందు, బండిలోంచి తీసిన ఇంజిన్ ఆయిల్, అన్నీ మింగుతుంది. ఒక్కసారి ఆయిల్ మార్చినప్పుడు వచ్చే పాత నూనె సుమారు 38 లక్షల లీటర్ల మంచినీళ్లను పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ లెక్క. ఇంత తక్కువ పెట్టుబడికి ఇంత ఫలితం చూపించే పరిశ్రమ ఉంటే చెప్పండి.

ఎక్స్‌పైరీ అయిన మందులకు కమోడ్ ఉంది. ఒక ఫ్లష్, పీడా విరగడ. మురుగునీటి ప్లాంట్లు కట్టింది ప్రధానంగా మలమూత్రాల కోసం, మందుల్ని వడగట్టడానికి కాదన్నది మనకు అనవసరమైన విషయం. గర్భనిరోధక మాత్రల్లో వాడే హార్మోన్‌ను 2001 నుంచి మూడేళ్లపాటు కెనడాలో ఒక సరస్సులో కలిపి చూశారు, లీటరుకు ఐదారు నానోగ్రాములు మాత్రమే. మగ చేపలు గుడ్డు సొనలో ఉండే ప్రొటీన్ తయారుచేయడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత అక్కడి చిన్న చేపల జాతి ఒకటి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. శాస్త్రవేత్తలు పనిగట్టుకుని చేస్తే అది పరిశోధన. మనం చేస్తే అల్మరా సర్దుకోవడం.

సైన్యాలు కూడా సిగ్గుపడాలి. 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర క్లోరిన్ అనే విషవాయువు శత్రువుల మీదికి వదలడానికి జర్మన్లకు వేల సిలిండర్లు కావాల్సి వచ్చింది. మిగిలిన బ్లీచింగ్ ద్రావణం, మిగిలిన టాయిలెట్ యాసిడ్ రెండూ ఒకే కన్నంలో పోస్తే అదే వాయువు బాత్‌రూమ్‌లో తయారు.

లిథియం బ్యాటరీల సేవ చెత్త లారీలో మొదలవుతుంది. లారీ చెత్తను నొక్కినప్పుడు బ్యాటరీ చితికి, లోపల షార్టయి, పక్కనున్న కాగితాలతో సహా అంటుకుంటుంది. ఆర్పాక మళ్లీ రాజుకునే సుగుణం కూడా ఉంది. ఆ మంట దగ్గర నిలబడేదీ, పగిలిన గాజులో చెయ్యి పెట్టేదీ చెత్త ఎత్తే మనిషే. అతని పేరు మనకు తెలియకపోవడం మన మనశ్శాంతికి చాలా మంచిది.

కంపెనీలు హెచ్చరించలేదని మాత్రం అనకూడదు. బ్యాటరీ మీద చక్రాల చెత్తడబ్బాను కొట్టేసిన గుర్తు ఉంటుంది, చీమ తలకాయంత. డబ్బాలో వేయొద్దని దానర్థం. మరి ఎక్కడ ఇవ్వాలి? అది రాయడానికి చోటు చాలినట్టు లేదు.

ఇన్ని చేస్తున్నా జూన్ 5న పర్యావరణ అవార్డులన్నీ ఫ్యాక్టరీలకే. ఈసారి ఒకటి గృహస్థుల కోటాలో ఇవ్వాలని కమిటీవారికి మనవి. మెమెంటో లైటు వెలిగి పాట పాడే రకం అయితే బాగుంటుంది. సెల్లు అయిపోయాక ఏం చేయాలో మాకు తెలుసు.