పిల్లలంతా సమానమే అంటే సరిపోతుందా?

టీచర్ కాబోయేవాళ్లని ‘రకరకాల పిల్లలున్న తరగతిని ఎలా నడుపుతారు?’ అని అడిగి చూడండి. ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: ‘నాకు పిల్లలంతా సమానమే.’ వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ తేడా చూపించను అనడం వేరు, తేడాలు అసలు చూడను అనడం వేరు. రెండోదాని వల్ల పిల్లలు నష్టపోతారు.

వేరే దేశం నుంచి వచ్చి చేరిన ఒక పిల్ల లెక్కల నోటుబుక్కులో మూడున్నరను ‘3,5’ అని రాసిందనుకుందాం. యూరప్‌లో చాలా దేశాల్లో దశాంశానికి చుక్క బదులు కామాయే పెడతారు. భాగహారం వేసే తీరు కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. ఈ సంగతి తెలియని టీచర్ ఎర్రసిరాతో ఇంటూ కొట్టేస్తారు. ‘ఇదెలా చేశావో చెప్పమ్మా’ అని అడిగి ఉంటే, ఆ పిల్ల బోర్డు దగ్గరికొచ్చి మిగతావాళ్లకి కూడా ఒక కొత్త పద్ధతి చూపించేది.

ఇదైనా కంటికి కనిపించేది. కనిపించనివి ఇంకా ఉన్నాయి. అమెరికన్ పరిశోధకురాలు మేరీ బడ్ రో సైన్స్ తరగతుల్ని రికార్డు చేసి విన్నారు. 1970లలో ఆమె ప్రచురించిన ఫలితాల ప్రకారం, ప్రశ్న వేశాక టీచర్లు జవాబు కోసం ఆగింది దాదాపు 1 సెకను. 3 సెకన్లో, ఆపైనో ఆగితే జవాబులు పెద్దవయ్యాయి, మామూలుగా మాట్లాడని పిల్లలు నోరు విప్పారు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి బయటపడింది. బాగా చదువుతారనుకున్న పిల్లల కోసం టీచర్లు కాస్త ఎక్కువసేపు ఆగారు, వెనకబడ్డారనుకున్న పిల్లల కోసం తక్కువసేపు. ఆలోచించుకోవడానికి ఎవరికి ఎక్కువ సమయం కావాలో వాళ్లకే కోత! అలాగని ఆ టీచర్లు చెడ్డవాళ్లని కాదు. అడిగితే వాళ్లూ ‘అంతా సమానమే’ అనే ఉంటారు.

తేడాలు గమనించాలి కదా అని పిల్లల మీద ముద్రలు వేసేవాళ్లూ ఉన్నారు. వీడు చూసి నేర్చుకునే రకం, ఆమె విని నేర్చుకునే రకం అంటూ విడగొట్టడం శిక్షణ తరగతుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ ముద్రను బట్టి బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారాలు లేవని 2008లోనే మనస్తత్వ శాస్త్రవేత్తల సమీక్ష ఒకటి తేల్చింది. బొమ్మ, మాట, చేత్తో చేసే పని మూడూ అందరికీ అందుబాటులో ఉంచడం మేలు. డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉన్న పిల్లవాడిని ఉన్నట్టుండి లేపి పైకి చదవమనకుండా, ఏ పేజీయో ముందురోజే చెప్పాలి. పాఠం అదే, చేరాల్సిన చోటూ అదే.

నలభై మందికి నలభై పాఠాలు ఎలా తయారు చేస్తామన్న ప్రశ్న న్యాయమైనదే. ఎవరూ చేయలేరు. అయితే రెండు సెకన్లు అదనంగా ఆగడానికి పైసా ఖర్చు లేదు. ప్రత్యేక శిక్షణ పొందిన టీచర్లు, సహాయకులు అవసరమైన పిల్లల విషయం వేరు. ఆ బరువు మొత్తం కొత్త టీచర్ నెత్తిన పెట్టడం అన్యాయం. బలమైన కారణం ఉంటే తప్ప పిల్లలందరినీ సాధారణ బడుల్లోనే చేర్చుకోవాలన్న 1994 నాటి సలమాంకా ప్రకటన (స్పెయిన్‌లో జరిగిన యునెస్కో సదస్సు చేసినది) కూడా, అందుకు తగ్గట్టు విధానాల్లోనూ బడ్జెట్‌లోనూ పెద్దపీట వేయాలని ప్రభుత్వాలనే కోరింది. ఈ రెండో సగాన్ని చాలామంది సౌకర్యంగా మరిచిపోతారు.

శిక్షణ కళాశాలలు వైవిధ్యం మీద వ్యాసాలు రాయిస్తాయి, మార్కులు వేస్తాయి. దాని బదులు ట్రైనీ చెప్పిన పాఠాన్ని రికార్డు చేసి వాళ్లకే వినిపించాలి. ఎవరిని ఎన్నిసార్లు పిలిచారో, ఎవరి దగ్గర ఎంతసేపు ఆగారో వాళ్లచేతే లెక్క కట్టించాలి.