తువ్వాలు కంటే ముందు కాగితం వచ్చింది

మొన్న మా డైవింగ్ వాట్సాప్ గ్రూపులో సీ స్టోరీ పడవ గురించి మళ్లీ గొడవైంది. ఒకాయన ఏం రాశాడంటే, "ప్రాణాలతో బయటపడ్డారు కదా, ఇంకేం కావాలంట వీళ్లకి? కేసులు, ఇంటర్వ్యూలు... డబ్బులు గుంజడానికి కాకపోతే!" దానికి ఓ పదిహేను మంది బొటనవేళ్లు ఎత్తారు. నేనక్కడ నోరెత్తలేదు. ఎత్తితే ఆగను. అందుకని ఇక్కడ రాస్తున్నా. పెద్ద పోస్టు, ఓపికుంటేనే చదవండి.

సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఎర్ర సముద్రంలో లివ్‌అబోర్డ్ అని ఉంటాయి. తిండీ నిద్రా అన్నీ పడవలోనే, వారం రోజులు, రోజుకి మూడో నాలుగో డైవులు (గాలి సిలిండరు కట్టుకుని నీళ్లలోకి దిగడం). 2024 నవంబర్ 24న సీ స్టోరీ అనే పడవ ఈజిప్టులో మర్సా ఆలం దగ్గరున్న పోర్ట్ గాలిబ్ నుంచి బయల్దేరింది. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే ఒరిగి బోల్తా పడింది. 35 మంది బతికారు. 11 మంది పోయారు, అందులో కొందరి శవాలు కూడా దొరకలేదు. వార్తల్లో మొదట పడవలో 44 మంది అన్నారు, ఒకచోట 45 అన్నారు. 35, 11 కలిపితే 46 అవుతుంది. బోల్తా పడ్డ పడవ లోపల చీకట్లో, ఇరుక్కున్న గాలిని పీలుస్తూ, దాదాపు ఒకటిన్నర రోజు బతికి బయటికొచ్చినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లనా మీరు "ఇంకేం కావాలంట" అనేది?

అధికారులు చెప్పింది సింపుల్. పెద్ద అల వచ్చి కొట్టింది, ఐదు నుంచి ఏడు నిమిషాల్లో తిరగబడింది. పడవకి ఆ ఏడాది మార్చిలోనే తనిఖీ అయింది, ఏడాది సర్టిఫికెట్ ఉంది. అయితే ఆ ఆదివారం, సోమవారం సముద్రం మీదికి వెళ్లొద్దని అక్కడి వాతావరణ శాఖ ముందే చెప్పింది. మరోపక్క బీబీసీ వాళ్లు ఆ రాత్రి వాతావరణ లెక్కలు తీసి ఒక సముద్ర శాస్త్రవేత్తకి చూపిస్తే, అక్కడ ఆ టైములో అంత పెద్ద అల వచ్చే అవకాశమే లేదన్నాడాయన. సరే, అల వచ్చిందనే అనుకుందాం. వద్దన్న రోజు పడవని ఎవరు వదిలారు? రాలేదనుకుందాం. సర్టిఫికెట్ ఉన్న పడవ మామూలు సముద్రంలో ఎందుకు తిరగబడింది? ఎటు తిప్పినా ప్రశ్న ఒడ్డున కూర్చున్నవాళ్ల దగ్గరికే వస్తోంది. అందుకే తప్పంతా అల మీదికి నెడుతున్నారు. అలని కోర్టుకి పిలవలేం కదా.

బతికినవాళ్లు బీబీసీకి చాలా చెప్పారు. నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఒడ్డుకి చేరాక జరిగిన కథ. ఇంకా షాక్‌లో ఉన్న మనుషుల దగ్గరికొచ్చి ప్రశ్నలు వేశారట. వాంగ్మూలాలు అరబిక్‌లో రాసి సంతకం పెట్టమన్నారట. ఎవరి మీదా నేరారోపణ చేయడం లేదని ఒప్పుకునే కాగితం ఒకటి ముందుకి తోశారట.

ఇది చదివాక నేను ఫోన్ పక్కన పెట్టి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను. ఎందుకంటే అలాంటి కాగితం మీద నేనూ ఒకసారి సంతకం పెట్టాను.

ఎవరూ చావలేదు, ముందే చెప్తున్నా. సీ స్టోరీతో పోలిస్తే నాది చీమ కుట్టినంత. కొన్నేళ్ల కిందట నేనూ, ఆఫీసులో నాతో పనిచేసే రాజమండ్రి సుబ్బూ దుబాయ్ నుంచి సెలవు పెట్టుకుని ఎర్ర సముద్రంలో లివ్‌అబోర్డ్ ఎక్కాం. పడవ పేరు రాయను, కామెంట్లలో అడగొద్దు. మూడో రోజు రెండో డైవు. పగడపు దిబ్బ మూల తిరగ్గానే కరెంటు మమ్మల్ని ఈడ్చుకెళ్లింది (డైవర్లు కరెంటు అనేది నీటి ఒరవడిని). పైకి తేలేసరికి మా పడవ అగ్గిపెట్టెంత కనిపిస్తోంది. ఎస్‌ఎంబీ ఊదాం, అదే, నిలువుగా లేచే నారింజ రంగు గొట్టం. విజిల్ వేశాం. పడవలో పైన నిలబడి చూసేవాడు ఒకడు ఉండాలి, అది వాళ్ల పని. ఉన్నాడో లేడో దేవుడికెరుక. యాభై నిమిషాలు. సుబ్బు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. మొదటి పది నిమిషాలు జోకులు వేశాడు, తర్వాత ఏం మాట్లాడలేదు. నాకైతే మా పాప స్కూలు ఫీజు కట్టానా లేదా అన్న ఒక్క ఆలోచనే తిరుగుతూ ఉంది. చివరికి వేరే పడవ వాళ్లు మా గొట్టం చూసి జోడియాక్ (మోటారు ఉన్న రబ్బరు పడవ) పంపి ఎక్కించుకుని, మా పడవకి అప్పగించారు.

డెక్ మీద కూర్చోబెట్టారు. వెట్‌సూట్ ఇంకా విప్పలేదు. గైడు వచ్చాడు, చేతిలో అట్ట, అట్టకి క్లిప్పు, క్లిప్పుకి కాగితం. పైన రెండు లైన్లు ఇంగ్లీషు, కింద పేజీ నిండా అరబిక్. ఇంగ్లీషులో ఉన్నదేమిటంటే, గ్రూపుని వదిలి మా ఇష్టానికి మేం దూరం వెళ్లామని, పడవ సిబ్బంది సకాలంలో స్పందించారని. "ఫార్మాలిటీయే, హార్బర్ వాళ్లకి పంపాలి" అన్నాడు. నా జుట్టులోంచి నీళ్లు కాగితం మీద పడుతున్నాయి. తడి కాగితం మీద బాల్‌పెన్ను రాయదు కదా, రెండుసార్లు గీసినా పడలేదు. అప్పుడు పరిగెత్తి తెచ్చారండీ. తువ్వాలు కాదు, ఇంకో కాగితం. పొడిగా ఉన్నది.

పెట్టేశాను. ఎందుకు పెట్టావని మా బావ ఇప్పటికీ తిడతాడు. బావ కాకినాడలో లాయరు. "చదవకుండా సంతకం పెట్టడానికి నువ్వేమన్నా చిన్నపిల్లాడివా రా?" అంటాడు. బావా, నీకు నీళ్లలో యాభై నిమిషాలు ఉండటమంటే ఏంటో తెలీదు. బయటికి తీశాక మనిషి ఎవరు కనబడితే వాళ్లకి దణ్ణం పెడతాడు. కోపం రాదు. కోపం నాలుగు రోజులయ్యాక, ఇంట్లో అన్నం తింటున్నప్పుడు వస్తుంది. ఈ సంగతి మనకి తెలీదు గానీ, ఆ కాగితం తయారుచేసినవాడికి బాగా తెలుసు. అందుకే దణ్ణం పెట్టే చేతిలోనే పెన్ను పెడతాడు.

తర్వాత సంగతి తొందరగా చెప్పేస్తా. కాగితం కాపీ అడిగాను, ఇస్తామన్నారు, ఇవ్వలేదు. ట్రిప్పు గ్రూపులో జరిగింది రాస్తే నన్ను గ్రూపులోంచి తీసేశారు. తర్వాత వచ్చిన మెయిల్లో మళ్లీ వాళ్ల పడవే ఎక్కితే పది శాతం తగ్గింపు అని ఉంది. సుబ్బు ఆ మెయిల్ చదివి నవ్విన నవ్వు నేనింకా మర్చిపోలేదు.

ఇంకో మాట చెప్పకపోతే అన్యాయం. ఆ రాత్రి వంటగదిలో టీ ఇచ్చే కుర్రాడు, ఇరవై ఏళ్లుంటాయేమో, ఎవరూ లేనప్పుడు వచ్చి నెమ్మదిగా అన్నాడు, "సార్, నేను కూడా ఒకటి సంతకం పెట్టాను." అతని కాగితంలో ఏముందో అతనికీ సరిగ్గా తెలీదు. కాబట్టి ఎవరైనా ఈ పోస్టు కింద "ఈజిప్షియన్లంతా ఇంతే" అని రాస్తే డిలీట్ చేస్తా. సీ స్టోరీలో పోయినవాళ్లలో ఈజిప్షియన్లు లేరనుకుంటున్నారా? తిరగబడ్డ పడవలోకి దూరి మనుషుల్ని బయటికి తెచ్చింది కూడా అక్కడి డైవర్లే. నా తగువు కాగితం ఇచ్చి పంపేవాడితో. ఎప్పుడూ తడవని మనిషి వాడు.

పోనీ ఇదంతా పేద దేశం గొడవ అంటారా? అమెరికాకి వెళ్దాం. 2019 సెప్టెంబర్ 2, కాలిఫోర్నియా తీరాన శాంటా క్రూజ్ దీవి దగ్గర కన్సెప్షన్ అనే డైవ్ పడవ రాత్రి నిద్రవేళ తగలబడింది. కింద పడక అరల్లో పడుకున్న 34 మందీ చనిపోయారు, మన దేశం నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన దంపతులు కూడా వాళ్లలో ఉన్నారు. రాత్రి మేలుకుని తిరుగుతూ కాపలా కాసేవాడు ఒకడు ఉండాలి, లేడు. కెప్టెన్‌కి 2024లో నాలుగేళ్ల జైలు పడింది. మరి ఓనర్లేం చేశారు? సరిగ్గా మూడు రోజులకి, శవాల వెతుకులాట ఇంకా నడుస్తుండగానే, కోర్టుకెళ్లారు. 1851 నాటి ఓ చట్టం ఉందట. దాని ప్రకారం ఓనరు కట్టాల్సింది ప్రమాదం తర్వాత పడవకి మిగిలిన విలువ వరకే. పడవ కాలి అడుగుకి పోయింది కదా, కాబట్టి విలువ సున్నా. కాబట్టి మీకు ఇవ్వాల్సింది కూడా సున్నా! తెరచాప ఓడల కాలం చట్టమది, ఓనర్లు దివాలా తీయకూడదని చేసుకున్నారు. ఆ కుటుంబాలు మూడేళ్లు పోరాడితే 2022 చివర్లో చిన్న ప్రయాణికుల పడవల్ని ఆ చట్టం నుంచి తప్పించారు. తప్పించారు గానీ పాత ప్రమాదాలకి వర్తించదు. అంటే పోరాడినవాళ్లకి తప్ప మిగతా అందరికీ పనికొస్తుంది.

విమానం సంగతి చూడండి ఇప్పుడు. మాంట్రియల్ ఒప్పందంలో 28వ అధికరణం అని ఒకటుంది. ప్రమాదం జరిగితే, విమాన సంస్థ సొంత దేశపు చట్టం అడిగితే, ఆ సంస్థ బాధితుల తక్షణ అవసరాలకి ఆలస్యం లేకుండా అడ్వాన్సు ఇవ్వాలి. ఇచ్చినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదు అని కూడా అందులోనే రాసుంది. ఎంత తెలివైన వాక్యం అది! "ఇస్తే ఇరుక్కుంటాం" అనే భయాన్ని ముందే తీసేశారు. పడవలకి ఏథెన్స్ ఒప్పందం ఉంది, కానీ అది దేశం దాటే ప్రయాణాలకి. ఒకే రేవులో ఎక్కించుకుని, వారం తిప్పి, అదే దేశంలో దింపేసే డైవ్ పడవ దాని లెక్కలోకి రాదు. కాబట్టి ఆ డెక్ మీద నీకున్న చట్టమల్లా ఆ అట్ట మీది కాగితమే.

గ్రూపులో ఇంకో మహానుభావుడి వాదన, "రిస్క్ తెలిసే కదా వెళ్లారు, ఎక్కేముందు ఫారం మీద సంతకం పెట్టారు కదా." పెట్టాం. ఆ ఫారంలో ఒప్పుకున్న రిస్కు ఏమిటి నాయనా? లోతు, ఒత్తిడి, ఒరవడి, నా చెవులు, నా ఊపిరితిత్తులు. కాపలావాడు నిద్రపోవడం, వాతావరణ శాఖ వద్దంటే బయల్దేరడం, ఇవి సముద్రం రిస్కులు ఎప్పుడయ్యాయి? బ్రిటన్ ప్రమాద దర్యాప్తు సంస్థ 2025లో ఎర్ర సముద్రపు డైవ్ పడవల మీద ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. 2023 ఏప్రిల్‌లో కార్ల్‌టన్ క్వీన్ అనే పడవ తిరగబడింది, జూన్‌లో హరికేన్ అనే పడవ తగలబడి ముగ్గురు పోయారు, 2024లో సీ స్టోరీ. రెండేళ్లు కూడా తిరక్కుండా మూడు పడవలు.

కన్సెప్షన్ కాలిన పదమూడు రోజులకి, అదే సెప్టెంబర్ 15న, మన గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల పడవ మునిగింది. దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టను, అది నది, అక్కడ డైవర్లు లేరు. కానీ మా కాకినాడవాళ్లకి అది మర్చిపోయే విషయం కాదు, 38వ రోజున పడవని బయటికి లాగింది మా ఊరి ధర్మాడి సత్యం బృందమే. నీళ్లలో పడ్డవాళ్లని ముందుగా లాగింది గట్టున ఉన్న ఊళ్లవాళ్లు, తమ సొంత పడవలేసుకుని. ఆ గిరిజనులెవరూ లాగినందుకు సంతకం అడగలేదు. ఎంతమంది ఎక్కారన్న లెక్క మాత్రం మొదటిరోజు అక్కడా తేల్లేదు.

నాకు కేసు వేయాలని లేదు. ఏ కోర్టులో వేయాలి, ఏ భాషలో? ఇండియాలో అయితే 2019 వినియోగదారుల చట్టంలో అన్యాయమైన ఒప్పందం అనే మాట ఉంది, అండమాన్‌లో జరిగుంటే దాన్ని పట్టుకుని చూసేవాణ్ని అంటాడు బావ. అండమాన్ వెళ్లేవాళ్లు ఆ ముక్క గుర్తుపెట్టుకోండి. డైవ్ ఇన్సూరెన్స్ సొంతంగా తీసుకోండి, "పడవలోనే ఉంది సార్" అంటే నమ్మొద్దు.

వచ్చే ఫిబ్రవరిలో సుబ్బు మళ్లీ వెళ్దామంటున్నాడు, అదే సముద్రం, వేరే పడవ. వాడికి భయం పోయింది, నాకు సగమే పోయింది. ఈసారి అలాంటి కాగితం వస్తే ఏం చేయాలని బావని అడిగాను. పెట్టనని గొడవ పడకు, నడిసముద్రంలో గెలవలేవు అన్నాడు. సంతకం పెట్టు, కానీ సంతకం పైన నీ చేత్తో తెలుగులో రాయి: "ఇందులో ఏముందో నాకు చదివి వినిపించలేదు, కాపీ ఇవ్వలేదు, ఒంటి మీద తడి ఆరకముందే సంతకం అడిగారు." తేదీ, టైము వేయి. ఏం రాశావని అడిగితే మా ఊళ్లో పేరు పూర్తిగా ఇలాగే రాస్తాం అని చెప్పు.

ఇంట్లో రెండుసార్లు రాసి ప్రాక్టీసు చేశాను. మూడు లైన్లు పడుతోంది. కాగితంలో అంత జాగా వదుల్తారో లేదో చూడాలి.