ఓఈఎం గారు ఇంకా సీట్లోకి రాలేదు

మొన్నొక సాయంత్రం పనేమీ లేక నా పాత డెస్క్‌టాప్‌లో డీఎంఐడీకోడ్ అని కొట్టాను. ఎందుకు కొట్టావని అడక్కండి, లినక్స్ వాడేవాడికి ఖాళీ దొరికితే ఇలాంటివే కొడతాడు, వాడికి వేరే దురలవాట్లకి టైముండదు. బయాస్ (పవర్ బటన్ నొక్కగానే అందరికంటే ముందు లేచి మిగతావాళ్ళని లేపే ప్రోగ్రాం) తన గురించి తాను రాసుకున్న జాతకమంతా ఆ కమాండ్ చదివి వినిపిస్తుంది. నాకు వినిపించింది ఇదీ. తయారీదారు: టు బీ ఫిల్డ్ బై ఓ.ఈ.ఎం. మోడల్ పేరు: టు బీ ఫిల్డ్ బై ఓ.ఈ.ఎం. సీరియల్ నెంబరు: అదే. అసెట్ ట్యాగ్: మళ్ళీ అదే. మన భాషలో ‘ఓఈఎం వారిచే పూరించబడును’. ఇంతకీ ఓఈఎం అంటే ఎవరు? తయారీదారే. అంటే, నీ తయారీదారు ఎవరమ్మా అని బోర్డుని అడిగితే, అది తయారీదారు గారే వచ్చి చెప్తారు, కూర్చోండి అంటోందన్నమాట.

కూర్చున్నాను. ఈ బోర్డు మీదున్న జీ41 చిప్‌సెట్ 2008 నాటిది. బోర్డు అప్పట్నుంచీ కూర్చునే ఉంది, నాకు ఇప్పుడు తెలిసిందంతే.

నాకెందుకో ఓఈఎం గారు ఒక మనిషిలాగే కనపడతారు. ఫ్యాక్టరీలో ఓ మూల గది, తలుపు మీద నేమ్ ప్లేటు, పేరు దగ్గర ‘ఓ.ఈ.ఎం.’, హోదా దగ్గర ‘పూరించబడును’. లోపల టేబులు, టేబులు మీద మడతపెట్టిన కళ్ళజోడు, కుర్చీకి తగిలించిన కోటు, పైన ఎవరికోసమో తిరుగుతున్న ఫ్యాను. సారు ఉద్యోగం మొత్తం నాలుగంటే నాలుగు ఖాళీలు నింపటం. బెల్టు మీద బోర్డులు వరసగా వస్తుంటాయి, ఒక్కోటీ సారు గది ముందు ఆగి తలుపు సందులోంచి తొంగిచూసి, బయట స్టూలు మీదున్న ప్యూన్‌ని అడుగుతుంది, సారున్నారా అని. సీట్లో లేరు, ఇప్పుడే అలా వెళ్ళారు. ఎప్పుడొస్తారు? కళ్ళజోడు ఇక్కడే ఉంది కదమ్మా, ఎంతసేపు, వచ్చేస్తారు. మరి నా సీరియల్ నెంబరు? నువ్వు వెళ్ళి అట్టపెట్టెలో పడుకో, సారొచ్చాక కబురు చేస్తాం. అలా ఆ పిచ్చితల్లి పెట్టెలో పడుకుని, ఓడెక్కి, లారీ ఎక్కి, నా కేబినెట్లో బిగించబడి, రెండు ఎస్ఎంపీఎస్‌లు కాల్చుకుని, నాలుగు కెపాసిటర్లు ఉబ్బించుకుని, ఇవాళ్టికీ ఎవరడిగినా ఒకటే మాట మీద ఉంది. సారొస్తారు, నింపుతారు. పతివ్రతల్లో కూడా ఇంత నిరీక్షణ చూడలేదు నేను.

ఈ మధ్య పరిశ్రమ చాలా అభివృద్ధి చెందిందిలెండి. కొత్త బోర్డుల్లో ఆ మాట తీసేసి ‘డిఫాల్ట్ స్ట్రింగ్’ అని పెడుతున్నారు, అంటే సారొస్తారన్న ఆ కాస్త ఆశ కూడా తీసేశారు. ఇంకో రకం బోర్డులున్నాయి, సీరియల్ నెంబరు ఎంత అంటే ‘సిస్టమ్ సీరియల్ నెంబర్’ అంటాయి. నీ పేరేంట్రా బాబూ అంటే నా పేరు పేరండీ అన్నట్టు.

సరే, సారు రాకపోతే మనమే వెళ్దామని తయారీదారు సైటుకి వెళ్ళాను (ఎవరా తయారీదారు అని అడక్కండి, బోర్డులోనే రాసి లేదు, నేనెలా చెప్తాను). నా బోర్డుకి వచ్చిన చివరి బయాస్ అప్‌డేట్ ఎదురుగా ఒక్క ముక్క ఉంది, ‘సిస్టమ్ స్టెబిలిటీ మెరుగుపరచడమైనది’. ఏం స్టెబిలిటీ, అంతకుముందు ఏం ఊగింది, ఎవరి నెత్తిన పడింది, ఏమీ లేదు. దాని కింద హెచ్చరిక, మీ కంప్యూటర్ బాగానే పనిచేస్తుంటే దయచేసి బయాస్ అప్‌డేట్ చేయకండి అని. మా పనితనం మీద మాకే నమ్మకం లేదు, మీకెందుకొచ్చిన సాహసం అని దాని తాత్పర్యం. ఆ సైటు మొత్తంలో అంతకంటే నిజాయితీగల వాక్యం ఇంకోటి లేదు, ఒప్పుకోవాలి.

ఆ మాత్రం పేజీ మిగిలి ఉండటం కూడా నా అదృష్టమే. 2019 నవంబరులో ఇంటెల్ తన సొంత పాత బోర్డుల బయాస్‌లూ డ్రైవర్లూ డౌన్‌లోడ్ సైట్లోంచి పీకేసింది, నవంబరు 22 తర్వాత దొరకవు అని నోటీసు పెట్టి మరీ. ఒక్కోటీ కొద్ది ఎంబీల ఫైలు. ప్రపంచంలో సగం కంప్యూటర్లకి ప్రాసెసర్లు అమ్మిన కంపెనీకి పాపం డిస్కులో చోటు చాల్లేదు.

మొదట్నుంచీ ఇంతేనేమో అనుకునే పిల్లలకి ఒక సంగతి చెప్పాలి. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు దాని బయాస్ 8 కేబీ, దాని సోర్సు కోడ్ మొత్తం టెక్నికల్ రిఫరెన్స్ మాన్యువల్లో అచ్చేశారు. కాపీ కొడితే కోర్టుకి లాగేవాళ్ళు, అది వేరే కథ, కానీ కొన్నవాడు విప్పి చదువుకుంటే పాపం అనుకోలేదు. ఆ తర్వాత మనం ప్రగతి సాధించి, చదవటం నేరం అనే దశకి వచ్చాం.

కాబట్టి ఓఈఎం గారి ఖాళీలు నేనే నింపుకుంటానని తీర్మానించుకున్నాను. దానికున్న దారి కోర్‌బూట్, కంపెనీ బయాస్ తీసేసి దాని చోట పెట్టుకునే, సోర్సు కోడ్ అందరికీ తెరిచి ఉన్న ప్రోగ్రాం. 1999లో అమెరికాలోని లాస్ అలమోస్ నేషనల్ లాబొరేటరీలో రాన్ మినిక్ లినక్స్‌బయాస్ అనే పేరుతో మొదలుపెట్టాడు, గదినిండా మెషీన్లున్న క్లస్టర్‌లో ఒక్కోదాని దగ్గరికీ కీబోర్డూ మానిటరూ మోసుకెళ్ళి బయాస్‌ని బతిమాలుకోవటం ఎవరివల్ల అవుతుంది మరి. 2008లో పేరు కోర్‌బూట్ అయింది. ఇది మెమరీనీ చిప్‌సెట్‌నీ లేపి, ఆపరేటింగ్ సిస్టమ్‌ని లేపే సీబయాస్‌కో గ్రబ్‌కో పగ్గాలు అప్పజెప్పి మర్యాదగా పక్కకి తప్పుకుంటుంది. క్రోమ్‌బుక్‌లని పొద్దున్నే లేపేది కూడా ఇదే, కాబట్టి ఇదేదో పిచ్చోళ్ళ వ్యవహారం అని మొహం అలా పెట్టకండి.

నా బోర్డులో బయాస్ చిప్ 1 ఎంబీ, ఎనిమిది కాళ్ళది, సోల్డర్ చెయ్యకుండా సాకెట్లో కూర్చోబెట్టారు. ఓఈఎం గారు తెలిసో తెలియకో చేసిన ఒకే ఒక్క పుణ్యం అది. సన్నటి స్క్రూడ్రైవర్ ఒకసారి ఈ చివర, ఒకసారి ఆ చివర దూర్చి వెంట్రుకవాసి చొప్పున లేపుకుంటూ రావాలి, ఒకే వైపు ఎత్తితే రెండోవైపు కాళ్ళు వంగిపోతాయి. నాకు వంగాయి. ప్లయర్‌తో నిదానంగా సరిచేసి, చిప్ మూల ఉన్న చిన్న గుంట ఒకటో కాలుకి గుర్తు కాబట్టి అది సరైన వైపు ఉందో లేదో పదిసార్లు చూసుకుని, సీహెచ్341ఏ ప్రోగ్రామర్లో (చిప్‌ని చదివి, రాసే చిన్న పరికరం) పెట్టి ఫ్లాష్‌రోమ్ అనే సాఫ్ట్‌వేర్‌తో చదివించాను. ఈ ప్రోగ్రామర్ కూడా తక్కువది కాదు, ఇందులో నల్ల రకం 3.3 వోల్టుల చిప్‌కి డేటా లైన్ల మీద 5 వోల్టులు పంపిస్తుంది, కొన్నవాళ్ళే దాని కాలొకటి లేపి వైరు సోల్డర్ చేసుకుని దాన్ని మనిషిని చెయ్యాలి. అక్కడ కూడా ఎవరో సారు సీట్లో లేనట్టుంది.

మొదటిసారి చదివితే ఒక చెక్‌సమ్ (చదివిన డేటా నుంచి లెక్కగట్టే అంకె, డేటా అదే అయితే అంకె కూడా అదే రావాలి). రెండోసారి ఇంకోటి. మూడోసారి ఆ రెండూ కానిది. ఒకటే చిప్పు, ఒకటే కుర్చీలో కూర్చుని, కదలకుండా మూడు వాంగ్మూలాలిచ్చింది. వంచి సరిచేసిన కాలు ఆనటం లేదని అర్థమవటానికి గంట పట్టింది. మళ్ళీ తీసి పెడితే అప్పుడు మూడూ ఒక్క మాట మీదకొచ్చాయి. పాత చిప్‌ని డబ్బాలో దాచి, కొత్త చిప్ మీద కోర్‌బూట్ రాసి, సాకెట్లో నొక్కి, పవర్ బటన్ నొక్కాను.

ఫ్యాన్ తిరిగింది. అంతే. స్క్రీన్ నల్లగా ఉంది, బీప్ లేదు, మా ఇంట్లోవాళ్ళ చూపు మాత్రం ఉంది, బాగానే పనిచేసేదాన్ని చంపుకున్నాడు అనే చూపు.

పాత బయాస్ అయితే కథ ఇక్కడితో సమాప్తం, దానికి తెలిసిందల్లా కంపెనీ లోగో చూపించటం, లేదా చూపించకపోవటం. కోర్‌బూట్ అలా కాదు, సీరియల్ పోర్టుకి కేబుల్ తగిలించి అవతలి కంప్యూటర్లో 115200 స్పీడ్ పెట్టుకుంటే కడుపులో మాటంతా చెప్తుంది. ఫలానా స్టేజ్ మొదలైంది, ఫలానా స్లాట్‌లో మెమరీ ఉంది, దాని టైమింగులు ఇవి, ఇదిగో ఇప్పుడు రెండో స్లాట్ దగ్గరికొచ్చా, అని చెప్తూ చెప్తూ అక్కడ ఆగింది. రెండో స్టిక్ పీకేశాను. బూటైంది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఈ బోర్డు తనకెక్కడ నొప్పో నాతో చెప్పింది. నాకు కాస్త కళ్ళు చెమర్చాయి, ఎవరికీ చెప్పకండి.

కోర్‌బూట్ వాళ్ళేమీ దేవుళ్ళు కాదు. ఇంటెల్ ఫైళ్ళు పీకేసిన అదే నవంబరు 2019లో వీళ్ళ 4.11 వెర్షన్ వచ్చింది, దాని తర్వాత కోడ్ సంస్కరణల పేరుతో బోలెడు పాత ఏఎండీ బోర్డుల్ని వీళ్ళూ తీసేశారు, ఏసుస్ కేజీపీఈ-డీ16 లాంటి ముద్దుబిడ్డతో సహా. తేడా ఏంటంటే 4.11 ఇప్పటికీ అక్కడే ఉంది, ఎవడికి కావాలంటే వాడు తీసుకుని ఆ బోర్డు బతికించుకోవచ్చు. ఇక మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపల నడిచే కోడ్) అప్‌డేట్ సోర్సు ఇవ్వని బైనరీ కాబట్టి ముట్టుకోం అనే మడి పండితులున్నారు, ప్రాసెసర్ లోపల ఫ్యాక్టరీలో వేసిన పాత మైక్రోకోడ్ కూడా బైనరీయే కదా స్వామీ అంటే అది లోపలుంది కాబట్టి మైల కాదంటారు. వాళ్ళతో పెట్టుకోను.

ఇప్పటిదాకా నవ్వుతూనే చెప్పాను. ఓఈఎం గారిది వట్టి బద్ధకం అనుకున్నన్నాళ్ళూ నాకూ నవ్వే వచ్చింది.

2024 జులైలో బైనార్లీ అనే సెక్యూరిటీ సంస్థ పీకేఫెయిల్ అని ఒకటి బయటపెట్టింది. సరైన సంతకం లేని కోడ్‌ని బూటయ్యేటప్పుడు నడవనివ్వని సెక్యూర్ బూట్ మొత్తం వేలాడేది ప్లాట్‌ఫామ్ కీ అనే ఒక్క తాళంచెవి మీద. బయాస్ కోడ్ అమ్మే ఏఎంఐ కంపెనీ నమూనాకి ఒక టెస్ట్ కీ పెట్టి, దాని సర్టిఫికెట్ మీద ‘డు నాట్ ట్రస్ట్’ అని రాసి మరీ ఇచ్చింది. నమ్మొద్దు, ఇది తీసేసి మీ సొంతది పెట్టుకోండి అని. ఎవరు పెట్టాలి? ఓఈఎం వారు. వందల మోడళ్ళలో ఆ కీ అలాగే, ఆ ‘నమ్మొద్దు’ అన్న అక్షరాలతో సహా, జనం ఇళ్ళకి వచ్చేసింది. దాని ప్రైవేటు కీ, అంటే సంతకం పెట్టే రహస్య కీ, అది కూడా లీకైపోయింది. ‘పూరించబడును’ అన్నచోట సీరియల్ నెంబరు లేకపోతే నష్టం లేదు, ఇది ఇంటి తాళం!

అయితే ఇదే సారు ఒక్క ఖాళీ మాత్రం ఎప్పుడూ మర్చిపోరు. 2013లో వచ్చిన హాస్వెల్ తరం నుంచి ఇంటెల్ బూట్ గార్డ్ అని ఒకటుంది. కంపెనీ తన కీ తాలూకు హ్యాష్‌ని (దాని వేలిముద్ర లాంటి అంకె) చిప్‌సెట్లో ఫ్యూజులుగా కాల్చేస్తే ఆ కంపెనీ సంతకం లేని బయాస్ ఆ మెషీన్ మీద ఇంక జన్మలో నడవదు. మార్చలేరు, చెరపలేరు. బ్రాండెడ్ మెషీన్లలో చాలావాటికి ఇది చేసే పంపిస్తున్నారు. అదే నింపేటప్పుడు సారు కళ్ళజోడు పెట్టుకుని, కోటు వేసుకుని, ఠంచనుగా సీట్లో ఉంటారు! నా ఫ్రెండ్ ఒకడు కోర్‌బూట్ వేద్దామని తన బ్రాండెడ్ డెస్క్‌టాప్ తెచ్చాడు, చూస్తే ఫ్యూజులు కాల్చేసి ఉన్నాయి. కంపెనీ సపోర్టు ఆపేసింది, బయాస్‌లో కొత్త బొక్కలు బయటపడితే పూడ్చేవాడు లేడు, ఓనరు పూడ్చుకుంటానంటే కుదరదు. నువ్వు చెయ్యవు, నన్ను చెయ్యనివ్వవు! డబ్బు తీసుకున్నావు కదయ్యా, అమ్మేశావు కదయ్యా, ఇంకా నీకేం పని నా పెట్టెలో? అదంతా మీ భద్రత కోసమే అంటారు. ఎవరి నుంచి భద్రత, నా నుంచా? 2023లో ఎంఎస్ఐ మీద దాడి చేసి దొంగలు ఎత్తుకుపోయిన డేటాలో బూట్ గార్డ్ ప్రైవేటు కీలు బయటికొచ్చేశాయి. ఫ్యూజులు మారవు కాబట్టి ఆ తాళం కూడా మారదు. అంటే ఆ మెషీన్లలో బయాస్ మార్చే తాళంచెవి తయారీదారు దగ్గర ఉంది, దొంగల దగ్గర ఉంది, కొన్నవాడి దగ్గర తప్ప ఊరందరి దగ్గరా ఉంది. సిగ్గుండాలి.

ఫ్రెండ్ పెట్టె అలాగే మూసి ఇచ్చేశాను. వాడేమీ అనలేదు, స్క్రూలు లెక్కపెట్టుకుని తీసుకెళ్ళాడు.

నా బోర్డు 2008 ముసలిది కాబట్టి దానికి ఇవేమీ లేవు. కోర్‌బూట్ రెండో బిల్డ్‌కి దాని సెట్టింగుల మెనూ, మెనూకాన్ఫిగ్, తెరిచాను, ఈసారి తీరిగ్గా. అక్కడ నిజంగానే ఒక ఖాళీ ఉంది, ఎస్ఎంబయాస్ సీరియల్ నెంబర్ అని, డీఎంఐడీకోడ్ చదివి వినిపించేది ఇదే. గుండె కొట్టుకుంది. ఇన్నేళ్ళ నిరీక్షణ, వంగిన కాళ్ళు, మూడు చెక్‌సమ్‌లు, అన్నీ ఈ ఖాళీ కోసమే కదా అని ఎంటర్ నొక్కితే, ప్రపంచంలోని మేధావులందరూ కలిసి స్వేచ్ఛగా రాసుకున్న ఆ కోడ్‌లో డిఫాల్ట్‌గా ఏముందో తెలుసా? 123456789.

చెరిపేశాను. కర్సర్ మిణుకు మిణుకుమంటోంది, ఏం రాయాలో అప్పటిదాకా ఆలోచించుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది. పావుగంట చూసి, ఇంగ్లీషు అక్షరాల్లో ‘సారు సీట్లో లేరు’ అని కొట్టి సేవ్ చేశాను. ఇప్పుడు డీఎంఐడీకోడ్ అదే చూపిస్తోంది.