కోత వాషింగ్టన్‌ది, కుట్లు కౌంటీవి

కాలిఫోర్నియాలో సిలికాన్ వ్యాలీ ఉన్న శాంటాక్లారా కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) వంద డాలర్ల వస్తువు కొంటే 2026 ఏప్రిల్ 1 నుంచి అదనంగా 62 సెంట్ల పైచిలుకు పన్ను. 2025 నవంబర్ 4న ఓటర్లు ఒప్పుకున్న పన్ను ప్రతిపాదన మెజర్ ఎ ఇదే. అయిదేళ్లపాటు, ఏటా సుమారు 33 కోట్ల డాలర్లు వస్తాయట. ఎందుకు? కౌంటీ ఆసుపత్రులు నిలబడాలి కాబట్టి. 2025 జులై 4న ట్రంప్ సంతకం చేసిన ఆ 'పెద్ద అందమైన' చట్టం మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) నిధులు కోసింది, దానివల్ల ఈ ఒక్క కౌంటీకే ఏటా 100 కోట్ల డాలర్లకు పైగా గండి పడుతుందని అధికారులు లెక్క చెప్పారు. అంటే చిల్లు రూపాయిదైతే అతుకు అయిదణాలది.

ఓటర్లను తప్పు పట్టడం లేదు. ఇల్లు అంటుకున్నప్పుడు బిందె ఎవరిదని ఎవరూ అడగరు. మా భయమల్లా రేపటి గురించి. పైవాళ్లు కోశారు, కిందివాళ్లు తమ జేబులోంచి తీసి కుట్టుకున్నారు, కోసినవాడి చేతికి మరక కూడా అంటలేదు. ఇంత సులువుగా పని అయిపోతే మళ్లీ కోయకుండా ఎందుకు ఉంటారు? ఈ పన్నుకు అయిదేళ్ల గడువుంది, ఆ కోతలకు గడువే లేదు.

మెడికెయిడ్‌లో దుబారా ఉంది, ఒళ్లు వంచగలిగినవాళ్లు పని చేయాలి అంటున్నారు చట్టాన్ని సమర్థించేవాళ్లు. దుబారాను అరికట్టొద్దని ఎవరూ అనరు. కానీ ఈ చట్టం చేసేది అది కాదు. 2027 జనవరి నుంచి నెలకు 80 గంటలు పని చేసినట్టు రుజువు చూపాలి, ఆరు నెలలకోసారి అర్హత మళ్లీ తేల్చాలి. ఆ కాగితాలు తీసుకుని తనిఖీ చేసేది ఎవరు? వాషింగ్టన్ గుమాస్తాలు కాదు, కాలిఫోర్నియాలో ఆ పని కౌంటీ ఉద్యోగులది. డబ్బు తగ్గించి పని పెంచారన్నమాట. కాగితం సరిగా లేదని కార్డు పోగొట్టుకున్న మనిషికి జబ్బు రాకుండా ఉంటుందా? నేరుగా ఎమర్జెన్సీ గదికి వస్తాడు. 1986 నాటి కేంద్ర చట్టం ప్రకారం అతన్ని చూడకుండా పంపడానికి వీల్లేదు. దిక్కులేనివాళ్ల వైద్యం కౌంటీ బాధ్యతేనని రాష్ట్ర చట్టంలోని సెక్షన్ 17000 ఎప్పటినుంచో చెబుతోంది. పోనీ ఆస్తి పన్ను పెంచుకుందామంటే ఆ పన్నుకు హద్దు గీసిన 1978 నాటి రాష్ట్ర చట్టం ప్రపోజిషన్ 13 చేతులు కట్టేసింది. ఇక మిగిలింది అమ్మకం పన్ను. తిండి సరుకుల మీద లేదు గానీ బట్టలు, చెప్పులు, కారు టైర్ల మీద ఉంటుంది, ఇల్లు ఊడ్చే మనిషికీ కంపెనీ అధిపతికీ ఒకటే రేటు. మెజర్ ఎ ఓటింగుకు ఆరు రోజుల ముందే ఇదే కౌంటీలో ఉన్న చిప్‌ల కంపెనీ ఎన్విడియా విలువ 5 లక్షల కోట్ల డాలర్లు దాటింది. అంత సంపద ఉన్నచోట ఆసుపత్రిని నిలబెట్టడానికి చెప్పుల మీద పన్ను!

ఈ కౌంటీ ఆసుపత్రులు ఆర్భాటానికి పెట్టుకున్నవీ కావు. 2019లో రెండు ఆసుపత్రులు దివాలా తీసిన సంస్థ నుంచి కొన్నవి. తూర్పు శాన్‌హోసేలోని రీజినల్ ఆసుపత్రిలో ట్రామా విభాగాన్ని (ప్రమాదాల్లో తీవ్రంగా గాయపడ్డవాళ్లను చూసేది) ప్రైవేటు యాజమాన్యం 2024లో ఎత్తేస్తే, నిరుడు ఏప్రిల్‌లో కౌంటీయే మొత్తం ఆసుపత్రిని కొనుక్కుంది. అందరూ వదిలేసిన బరువునే ఎత్తుకున్న కౌంటీ ఇది. కాస్త ఉన్న కౌంటీ కాబట్టి ఎత్తుకోగలిగింది. ఇదే రాష్ట్రంలోని మదేరా కౌంటీలో వయోజనులకున్న ఒక్క జనరల్ ఆసుపత్రి 2023 జనవరిలో మూతపడి మళ్లీ తెరుచుకోవడానికి రెండేళ్లకు పైగా పట్టింది. ఎవరి కోతకు వాళ్లే కుట్లు వేసుకోవాలన్న పద్ధతి స్థిరపడితే మదేరా లాంటి చోట సూదీ ఉండదు, దారమూ ఉండదు.

డబ్బు టెన్షన్ ఒకటైతే జనంలో భయం ఇంకొకటి. మెడికెయిడ్‌లో ఉన్నవాళ్ల వివరాలను నిరుడు జూన్‌లో వలసదారులను పట్టుకునే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ చేతికి ఇచ్చారు, అందులో కాలిఫోర్నియా వాళ్లవీ ఉన్నాయి. కార్డు వాడితే తలుపు తడతారేమో అనుకున్న తల్లి బిడ్డకు జ్వరం ముదిరాక గానీ ఆసుపత్రికి రాదు. వలసల విషయంలో మాట వినని కౌంటీలకు కేంద్ర నిధులు ఆపేస్తామన్న బెదిరింపు సరేసరి. 2017లో ఈ కౌంటీయే కోర్టుకెళ్లి దాన్ని ఆపించింది, 2025 ఏప్రిల్‌లో అదే జడ్జి దగ్గర మళ్లీ ఆపించుకోవాల్సి వచ్చింది. ఒకసారి కొట్టేసిన బెదిరింపు ఎనిమిదేళ్లకు తిరిగొచ్చిందంటే నిధుల్ని కొరడాగా వాడటం అలవాటైపోయిందనేగా? అక్టోబర్‌లో అయితే శాన్‌ఫ్రాన్సిస్కో మీదకు బలగాలను పంపబోయి ఆగారు. ఎందుకు ఆగారో ట్రంపే చెప్పారు, మేయర్‌తో మాట్లాడారు, ఎన్విడియా అధినేత, సేల్స్‌ఫోర్స్ అధినేత ఫోన్ చేశారు. మంచిదే, ఆగింది. కానీ ఫోన్ చేయగల స్నేహితుడు ప్రతి కౌంటీకీ ఉంటాడా? ఆ ఫోన్ కాల్‌ను బడ్జెట్‌లో ఏ పద్దు కింద రాసుకోవాలి?

రోజూ ట్రంప్‌ను ఏకిపారేసే గవర్నర్ న్యూసమ్ గారి సంగతి చూద్దాం. 1200 కోట్ల డాలర్ల లోటు పేరు చెప్పి ఆయన ప్రభుత్వం చేసిందేమిటి? వలస కాగితాలు లేని వయోజనులకు మెడి-కాల్‌లో (కాలిఫోర్నియాలో మెడికెయిడ్ పేరు) కొత్త చేరికలను ఈ జనవరి నుంచి ఆపేసింది. ఇప్పటికే ఉన్నవాళ్లు 2027 జులై నుంచి నెలకు 30 డాలర్లు కట్టాలి. వాళ్లు ఎక్కడికెళ్తారు? మళ్లీ కౌంటీ ఎమర్జెన్సీ గదికే. వాషింగ్టన్ రాష్ట్రం మీదకు తోస్తే రాష్ట్రం కౌంటీ మీదకు తోసింది. శతకోటీశ్వరుల మీద ఒక్కసారి 5 శాతం పన్ను వేద్దామన్న ప్రతిపాదనను మాత్రం ఆయన గట్టిగా వ్యతిరేకిస్తున్నారు. కోసే విషయంలో పార్టీ తేడా లేదు, కత్తి పిడి రంగే వేరు.

కౌంటీకీ ఒక మాట. మెజర్ ఎ డబ్బు ఆసుపత్రులకే వాడాలని చట్టంలో ఎక్కడా లేదు. అలా రాస్తే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి కాబట్టి రాయలేదు. సరే, కానీ ఓటు అడిగింది ఆసుపత్రి పేరుతోనే కదా. జులై 1న కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యేలోపు ఆ అయిదుగురు సూపర్‌వైజర్లు ఈ పద్దును విడిగా చూపించాలి, మూడు నెలలకోసారి ఖర్చు బయటపెట్టాలి. జీతాల్లోనో పాత లోటులోనో కలిపేశారా, అయిదేళ్ల తర్వాత మళ్లీ వచ్చి అడిగే ముఖం ఉండదు.

ఇక సన్నీవేల్, మిల్పిటాస్, క్యుపర్టినోల్లో ఉన్న మన తెలుగువాళ్లు. కంపెనీ బీమా ఉంది, మాకేమిటి అనుకునేవాళ్లే ఎక్కువ. 101 హైవే మీద కారు పల్టీ కొడితే అంబులెన్సు ట్రామా విభాగం ఉన్నచోటికి పోతుంది, బీమా కార్డు చూసి కాదు. ఉద్యోగం పోయిన వారం బీమా ఎంతకాలం ఉంటుందో లేఆఫ్ చూసిన ఇంట్లో అడగండి.

సెనేట్‌లో ఈ చట్టానికి 50, 50 ఓట్లు పడితే గట్టెక్కించింది ఉపాధ్యక్షుడు వాన్స్ వేసిన ఒక్క ఓటు. 2024 నవంబర్‌లో ఆయన భార్య ఉష పూర్వికుల ఊరు, పశ్చిమ గోదావరి వడ్లూరులో సంబరాలు చేసుకున్నది ఆయన గెలుపుకే. మన పత్రికలన్నీ ఆంధ్రా అల్లుడని మురిసిపోయాయి. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడన్న సామెత ఉండనే ఉంది. ఇక్కడ అల్లుడుగారు దానం కూడా చేయలేదు, పేదవాడి మందుల డబ్బు కోసి ఉన్నవాళ్ల పన్ను తగ్గించారు. మహాసభలు పెట్టి నాయకులకు శాలువాలు కప్పే మన సంఘాల పెద్దలు ఆ ఓటు సంగతి ఒక్క వేదిక మీదైనా అడుగుతారా? అడగరు. ఫొటో చెడిపోతుంది.