సవరణ: లఘులోలకం గ్రాఫులో బిందువులు కలపడం గురించి

లఘులోలకం (దారానికి వేలాడదీసి ఊపే గుండు) ప్రయోగం మీద మొన్నటి పోస్టులో "గ్రాఫు మీద బిందువులన్నీ కలపండి" అని ఉంది. దాని బదులు ఇలా చదువుకోండి: బిందువులు కొన్ని పైన, కొన్ని కింద పడేలా వాటి మధ్యగా స్కేలుతో ఒకే సరళరేఖ గీయండి. ఒక్కో బిందువునూ వంకరటింకరగా కలుపుకుంటూ పోతే స్టాప్‌వాచ్ నొక్కడంలో వచ్చిన తేడాలన్నీ గీతలోకి ఎక్కేస్తాయి. ఇక ఆ గీత వాలు (అది ఎంత ఏటవాలుగా ఎక్కుతుందో చెప్పే అంకె) దేనికని కడతాం?

ఎక్స్ అక్షం మీద మనం మార్చే పొడవు, వై అక్షం మీద ఆవర్తన కాలం (ఒక పూర్తి ఊపుకు పట్టే సమయం) వర్గం వేయాలి. వర్గం చేయకపోతే వంపు వస్తుంది: 100 సెం.మీ. పొడవుకు సుమారు 2 సెకన్లు, 25 సెం.మీ.కు 1 సెకను, అంటే పొడవు నాలుగింతలైనా కాలం రెండింతలే.

రేఖ మూలబిందువు (రెండు అక్షాలూ కలిసే సున్నా చోటు) గుండా పోకపోతే బలవంతంగా లాగకండి, ప్లీజ్. చాలామంది దారం పొడవు మాత్రమే కొలిచి గుండు వ్యాసార్థం కలపడం మర్చిపోతారు. అప్పుడు రేఖ మొత్తం కాస్త పైకి జరుగుతుంది, వాలు మాత్రం మారదు. పొడవును మీటర్లలో వేసి, 4π²ని ఆ వాలుతో భాగిస్తే గురుత్వ త్వరణం 9.8 మీ/సె² దగ్గరే వస్తుంది. ఈ ప్రయోగంలో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే. లాగి గీస్తే వాలూ పోతుంది, ఎక్కడ తేడా వచ్చిందో చెప్పే ఆధారమూ పోతుంది.